లెన్సునకు తగిన కెమెరా
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున, గ్రామవృద్ధుల రూపములను, పాత దస్తావేజులను, గుడిలోని శాసనమును ఫోటోలుగా తీసి భద్రపరుపవలెనని కార్యవర్గము సంకల్పించినది. దాతలొసంగిన నైకాన్ డిజిటల్ కెమెరా మనకు కలదు. దానితోపాటు ఒక ఫిల్ము కెమెరాను కొని, ఉన్న లెన్సులనే రెండింటికిని వాడుకొందమని మన యువకుల కోరిక. కోరిక మంచిదే. కాని చందాదారుల సొమ్ముతో కొన్న వస్తువు బీరువాలో అలంకారముగా మిగిలిపోరాదు గదా! లెక్కలు వ్రాయువాడను గనుక, ఈ బేరమునందలి మంచిచెడులను మీ ముందుంచుట నా విధియని తలచుచున్నాను.

డిజిటల్ ఉండగా ఫిల్మేల అని కొందరడుగవచ్చును. డిజిటల్ చిత్రమునకు ఎన్ని ప్రతులైనను తీయవచ్చును. కాని ప్రతులు తీయక ఒక్క డిస్కునే నమ్మినచో, అది చెడిననాడు సర్వమును పోవును. నెగెటివు అట్టిది కాదు. దానిని చూచుటకు వెలుతురున్న చాలును. ఆరవ నిజాము ఆస్థానమున ఛాయాచిత్రకారుడై, 1905లో గతించిన రాజా దీనదయాళుగారి గాజుపలకల నెగెటివులు నేటికిని ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున ఉన్నవి. కావున ముఖ్యమైన చిత్రములు రెండు విధములను ఉండుట మేలు.

ఇక అసలు విషయము. మన పెద్దలు అంధపంగు న్యాయమని చెప్పుదురు. గ్రుడ్డివాడు మోయుచుండగా కుంటివాడు భుజముపై కూర్చుండి దారి చూపునట్లు, కెమెరా మోయును, లెన్సు చూచును. వారిద్దరికిని పొత్తు కుదిరిననే ప్రయాణము సాగును. ఈ పొత్తును మూడు ప్రశ్నలతో పరీక్షింపవలెను.

మొదటి ప్రశ్న: లెన్సు కెమెరాకు అమరునా? లెన్సును పట్టి నిలుపు వలయమును మౌంటు అందురు. ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క తీరు. నైకాన్ వారి ఎఫ్ మౌంటు 1959లోను, కెనాన్ వారి ఈఎఫ్ మౌంటు 1987లోను వచ్చినవి. 2018లో వచ్చిన అద్దములేని కెమెరాల లెన్సులు, అనగా నైకాన్ జడ్, కెనాన్ ఆర్‌ఎఫ్ రకములు, పాత ఫిల్ము కెమెరాలకు పనికిరావు. ఎఫ్ మౌంటునందు వలయమునకును ఫిల్మునకును నడుమ దూరము 46.5 మిల్లీమీటర్లు; జడ్ నందు 16 మాత్రమే. పాత లెన్సును నడుమ ఒక గొట్టముంచి క్రొత్త కెమెరాకు తగిలింపవచ్చును గాని, క్రొత్త లెన్సును పాత కెమెరాలోనికి లోతుగా జొనుపుట సాధ్యము కాదు. మనది ఎఫ్ మౌంటు గనుక ఈ పరీక్షలో గట్టెక్కితిమి.

రెండవ ప్రశ్న: లెన్సు వేయు వెలుగు ఫిల్మునంతటిని కప్పునా? ఫిల్ముపై చిత్రము కొలత 36 మిల్లీమీటర్లకు 24. మన డిజిటల్ కెమెరాలోని పలక సుమారు 24కు 16. దానితో వచ్చిన 18-55 లెన్సు డిఎక్స్ జాతిది. ఆ చిన్న పలకకే చేయబడినది. ఫిల్ముపై మూలలు చీకటి పడును. పైగా ఏఎఫ్-పి గుర్తు గల లెన్సులకు ఫిల్ము కెమెరాపై ఫోకసు కుదురదు. మనదానిపై ఆ గుర్తు కలదు. కావున ఆ లెన్సును ఈ లెక్కనుండి కొట్టివేయుడు. తరువాత కొన్న 50 మిల్లీమీటర్ల లెన్సు మాత్రము ఫిల్మును పూర్తిగా కప్పును. ఫిల్ముపై దాని చూపు మరింత విశాలమగును. డిజిటల్ పై 75 మిల్లీమీటర్ల లెన్సువలె ఇరుకుగా కనబడునది, ఇచ్చట తన నిజస్వరూపమును చూపును.

మూడవ ప్రశ్న: లెన్సు కెమెరా ఆజ్ఞను పాటించునా? మోసపోవుట సాధారణముగా ఇచ్చటనే. మన యువకులు 1982లో వచ్చిన ఎఫ్‌ఎం-2 పై మనసు పడిరి. దృఢమైనది, బ్యాటరీ లేకున్నను షట్టరు పనిచేయును. కాని వెలుగును లోనికి విడుచు ద్వారమును లెన్సు మీది వలయమును త్రిప్పియే దానిపై మార్చవలెను. మన 50 లెన్సు జి గుర్తుది. దానికి ఆ వలయమే లేదు. ఎఫ్‌ఎం-2 పై నుంచినచో ద్వారము మిక్కిలి చిన్నదిగానే బిగిసికొనును. అప్పుడు చీకటిగుడిలో శాసనమును తీయుట ఎట్లు?

1999లో వచ్చిన ఎఫ్-100, 2000లో వచ్చిన ఎఫ్-80 అట్లు కావు. అవి జి లెన్సు ద్వారమును తామే మార్చును, ఫోకసును నడుపును. ఎఫ్-80 తేలిక, చవుక. కాని వలయము త్రిప్పెడి పాత చేతి లెన్సులతో కాంతిని కొలువదు. ఎఫ్-100 వానితోను కొలుచును. ఎఫ్‌ఎం-2 యే కావలెనన్నచో, వలయము గల డి గుర్తు 50 లెన్సును వేరుగా కొనవలెను. అది రెండు కెమెరాలకును అమరును గాని, ఫోకసు మోటారు లేని మన డిజిటల్ కెమెరాపై చేతితోనే ఫోకసు చేసికొనవలెను. ఇకముందు కొను లెన్సులలోను, విద్యుత్తుచే ద్వారము కదలు క్రొత్త ఈ రకమును తీసికొనకుడు. దాని ద్వారమును ఫిల్ము కెమెరా కదల్పలేదు.

కెనాన్ గలవారికి చిక్కు తక్కువ. ఈఎఫ్ లెన్సులన్నియు ఈఓఎస్ ఫిల్ము కెమెరాలపై నడచును; ఈఎఫ్-ఎస్ రకము మాత్రము అమరదు.

ఇవన్నియు తయారీ ఆగిపోయినవే గనుక పాతదానినే కొనవలెను. కొనుటకు ముందు వెనుకతలుపు తెరచి, వేరువేరు వేగములలో షట్టరు ఆడించి చూడుడు. బ్యాటరీ గదిలో తుప్పును, తలుపు అంచున వెలుతురు నాపు నురుగు పట్టీలను పరిశీలింపుడు. ఒకే లెన్సును రెండు కెమెరాలకును మార్చి మార్చి తగిలించి, ఒకే తెల్లగోడవైపు చూపి, కాంతికొలతలు కలియునో లేదో సరిచూడుడు. లెన్సు ఉమ్మడిదగుటవలన కలుగు లాభమిది.

కెమెరా ధర ఒక్కసారి ఖర్చు. ఫిల్ము, దానిని కడిగించుట నిత్యఖర్చు. ఉదకమండలమున 1960లో స్థాపింపబడి, ఇందు ఫిల్మును తయారుచేసిన ప్రభుత్వ కర్మాగారము మూతపడినది. రీలుకు 36 చిత్రములే. కావున ముందు డిజిటల్ తో వెలుతురు సరిచూచుకొని, పిమ్మట ఫిల్ముపై తీయుడు. రంగుల ఫిల్ముకంటె నలుపు తెలుపు ఫిల్ము ఎక్కువకాలము మన్నును. నెగెటివులను తేమ తగులని చల్లనిచోట ఉంచి, ప్రతి చిత్రమునకును సంఖ్య, తేదీ, వ్యక్తిపేరు రిజిస్టరులో వ్రాయుడు. పేరులేని ఫోటో తారీఖులేని రసీదు వంటిది.

నా నివేదన ఇదియే. అందము చూచి కెమెరాను కొనకుడు. ఉన్న లెన్సును బల్లపై నుంచి, దానికి తగినదానిని వెదకుడు. మన 50 లెన్సునకు ఎఫ్-80 చాలును. మిగిలిన సొమ్ముతో ఫిల్ము కొనుడు. మన వృద్ధులలో తొంబదియేండ్లు దాటినవారు కలరు. కెమెరా బేరమునకు ఆలస్యము చెల్లును గాని వారి రూపములకు చెల్లదు.

 మన గ్రంథాలయము శతవార్షికోత్సవము కూడ జరుపుకొనుగాక!