అరచేతిలో ఆకాశపటం

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ సవరణ గురించీ, మెడికల్ బిల్లుల గురించీ నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. అందుచేత నేను ఆ జోలికి పోను. "అమెరికా వెళ్ళినప్పుడు మీ అబ్బాయి వాళ్ళు తయారుచేసిన విమానాల యాప్‌ని పరీక్షించారట గదా, ఆ సంగతి చెప్పండి" అని కార్యదర్శి గారు ఆదేశించారు. మా అబ్బాయి గొప్ప చెప్పుకోడానికి నేను నిలబడలేదని ముందుగా మనవి. మనమంతా ముప్ఫై, నలభై ఏళ్ళు చేసిన ఉద్యోగంలోని ఒక చిన్న సూత్రం టెక్సాస్‌లో, ఈ సెల్‌ఫోన్ల కాలంలో, ఎలా అక్కరకొచ్చిందో చెప్పాలని నా ఉద్దేశం.

నేను 1978లో టెక్నీషియన్‌గా చేరాను. 1986లో మన శాఖ నేషనల్ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అయింది, 1995 ఏప్రిల్ 1న ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా అయింది. పేర్లు మారినా మన పని మారలేదు. ఎన్‌డీబీ, వీవోఆర్, డీఎంఈ – ఈ మూడింటినీ కంటికి రెప్పలా కాపాడుకోవడమే మన పని. పైనున్న పైలట్ మనకు కనపడడు, మనం అతనికి కనపడం. మనం పంపే సంకేతాన్ని నమ్మి అతను దారి పట్టుకుంటాడు.

జీపీఎస్ వచ్చాక కథ మారింది. 1983 సెప్టెంబరు 1న కొరియా విమానం దారితప్పి సోవియట్ గగనతలంలోకి వెళితే కూల్చేశారు. 269 మంది పోయారు. ఆ వార్త మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాతే జీపీఎస్ పూర్తయితే పౌర విమానాలకూ ఇస్తామని రీగన్ ప్రభుత్వం ప్రకటించింది. 1995 నాటికి ఆ ఏర్పాటు పూర్తయింది గాని, పౌరులకిచ్చే సంకేతంలో కావాలని కొంత తప్పు కలిపేవారు. దాంతో 100 మీటర్ల దాకా తేడా ఉండేది. 2000 మే నెల మొదట్లో ఆ కలపడం ఆపేశారు. 2010లో ఐప్యాడ్ వచ్చింది. ఇంకేముంది, అదివరకు లక్షలు పోసి కొనాల్సిన కదిలే పటం చిన్న విమానం నడిపే మామూలు పైలట్ ఒళ్ళోకి వచ్చి కూర్చుంది. ఫోర్‌ఫ్లైట్, గార్మిన్ పైలట్, ఇంగ్లండులో స్కైడెమన్ వంటి యాప్‌లు ఇవాళ అక్కడ బాగా వాడుకలో ఉన్నాయి.

2018 వేసవిలో మేమిద్దరం డాలస్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్ళాం. వాడికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అక్కడ చిన్న విమానాశ్రయాలు ఊరూరా ఉంటాయి గనుక ప్రైవేటు పైలట్ లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు. వాడూ, ఇద్దరు స్నేహితులూ కలిసి తమ ఫ్లయింగ్ క్లబ్బు కోసం సొంతంగా ఒక యాప్ రాస్తున్నారు. అమెరికా ప్రభుత్వం విమాన పటాలనూ, విమానాశ్రయాల వివరాలనూ ఉచితంగానే ఇస్తుంది. వాటిని తీసుకుని, జీపీఎస్ చెప్పిన చోట విమానం బొమ్మ పెడితే సరిపోతుందని మొదట అనుకున్నారు. అంత తేలిక కాదని త్వరలోనే వాళ్ళకే తెలిసింది.

మొదటి చిక్కు దిక్కులతో వచ్చింది. పటం మీది ఉత్తరం వేరు, దిక్సూచి చూపే ఉత్తరం వేరు. మన హైదరాబాదులో ఈ తేడా నామమాత్రం. అమెరికా వాయవ్య మూలలో సుమారు 15 డిగ్రీలు తూర్పుకీ, ఈశాన్య మూలలో అంతకు మించి పడమరకీ ఉంటుంది. 60 మైళ్ళు పోతే డిగ్రీకి ఒక మైలు చొప్పున పక్కకు జరుగుతామని మన పాతలెక్క ఉంది గదా. 15 డిగ్రీలంటే ఊరు ఊరే తప్పిపోతుంది.

రెండో చిక్కు ఎత్తుది. జీపీఎస్ కొలిచే ఎత్తు లెక్కకోసం ఊహించిన నున్నటి భూగోళం నుంచి. పైలట్‌కి కావలసింది సముద్రమట్టం నుంచి. ఈ రెంటికీ టెక్సాస్‌లో ఇరవై, ముప్ఫై మీటర్ల తేడా. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో అయితే నూరు మీటర్లు దాటుతుంది. పైగా కంట్రోలర్లు విమానాలను ఎడంగా ఉంచేది గాలి ఒత్తిడితో కొలిచే ఆల్టిమీటర్ ఎత్తును బట్టి. కాబట్టి యాప్ చూపే ఎత్తు పక్కన "జీపీఎస్" అని విడిగా రాయించాం. ఆల్టిమీటరుకు బదులుగా దాన్ని ఎవరూ వాడకూడదని మా ఉద్దేశం.

పరీక్షలు మూడు అంచెల్లో చేశాం. ముందు టాబ్లెట్ పట్టుకుని నడక, తర్వాత కారు, ఆ తర్వాతే విమానం. విమానమంటే నాలుగు సీట్ల సెస్నా 172. నియమం ఒక్కటే. నడిపేవాడు కాగితం పటం, దిక్సూచి, గడియారం చూసి నడపాలి. పక్కసీటు వాడు టాబ్లెట్ చూడాలి. నేను వెనక సీట్లో నోటుపుస్తకంతో కూర్చుని, రైలుకట్ట దాటినప్పుడు, ఫలానా ఊరి వాటర్ ట్యాంకు రెక్క కిందికి వచ్చినప్పుడు టైము రాసుకోవాలి. అక్కడ వాటర్ ట్యాంకుల మీద ఊరి పేరు పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. నాబోటి వాడికి అదొక సౌకర్యం. దిగాక తెర మీద నమోదైన దారినీ, నా పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళం.

అసలు సంగతి కారు పరీక్షలోనే బయటపడింది. ఒక రోజు అంతస్తుల పార్కింగ్ భవనంలో కిందికి వెళ్ళి కారు ఆపాం. కాంక్రీటు కప్పు వల్ల ఉపగ్రహాల సంకేతం పోయింది. కారు ఆగి ఉంది. తెర మీద మాత్రం మేము గోడలోంచి వెళ్ళి పక్కనున్న చెరువు మీదుగా సాగిపోతున్నాం! ఇదేమిట్రా అంటే, సంకేతం తెగినప్పుడు బొమ్మ ఆగిపోతే బాగుండదని, పాత వేగంతో, పాత దిక్కులో ముందుకు నడిపేలా రాశారట.

నేను ఒప్పుకోలేదు. 100 నాట్ల వేగంతో పోయే విమానం సెకనుకు 51 మీటర్లు, నిమిషానికి 3 కిలోమీటర్ల పైన వెళుతుంది. మధ్యలో పైలట్ మలుపు తిరిగితే బొమ్మ ఒక వైపు, విమానం ఒక వైపు. డాలస్ పెద్ద విమానాశ్రయం చుట్టూ ఉన్న గగనతలంలోకి కంట్రోలర్ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. అక్కడ జెట్ విమానాలు ఒకదాని వెనక ఒకటి దిగుతుంటాయి.

"అంతసేపు సిగ్నల్ పోదు నాన్నగారూ, ఎప్పుడో ఒకసారి" అన్నాడు.

"ఆ ఎప్పుడో ఒకసారి కోసమే మా మానిటర్ రాత్రింబవళ్ళు మేలుకుని ఉండేదిరా అబ్బాయ్" అన్నాను.

మిత్రులారా, వీవోఆర్ మానిటర్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. దిశలో 1 డిగ్రీకి మించి తేడా వస్తే అలారం మోగుతుంది. మొదటి ట్రాన్స్‌మిటర్ తప్పుకుని రెండోది వస్తుంది. అదీ సరిగా లేకపోతే స్టేషన్ తనంతట తానే నోరు మూసుకుంటుంది. పైన పైలట్ ముందున్న సూచిక మీద ఫ్లాగ్ పడుతుంది. మరమ్మతు చేస్తున్నప్పుడు మోర్స్ గుర్తింపు సంకేతం తీసేసేవాళ్ళం. అది వినపడకపోతే ఆ స్టేషన్‌ని నమ్మరాదని ప్రతి పైలట్‌కీ తెలుసు. తప్పు చెప్పడం కంటే చెప్పకుండా ఊరుకోవడం మేలు. మన వృత్తి సారమంతా ఈ ఒక్క మాటలో ఉంది.

ఇది ఆ ముగ్గురు కుర్రాళ్ళకూ వివరంగా చెప్పాను. అప్పటికే క్లబ్బులో ఒక విద్యార్థి ఒంటరిగా మొదటి దూరప్రయాణం చేయబోతున్నాడు, వచ్చే వారమే యాప్ ఇవ్వమని అడుగుతున్నారు. ఇంట్లో రెండు రోజులు మాటలు తగ్గాయి. మా ఆవిడ మధ్యవర్తిత్వం చేయాల్సి వచ్చింది. చివరికి మా అబ్బాయే క్లబ్బు వాళ్ళతో, ఆ విద్యార్థి కాగితం పటంతోనే వెళ్ళడం మంచిదని చెప్పాడు. యాప్ రెండు నెలలు వెనక్కి పోయింది.

ఆ రెండు నెలల్లో చేసిన మార్పు ఇది. స్థానం అందక 5 సెకన్లు దాటితే విమానం బొమ్మ మాయమవుతుంది. చివరిసారి తెలిసిన చోట ఖాళీ వలయం, దాని పక్కన ఎన్ని సెకన్లయిందో అంకె, తెర పైన అడ్డంగా ఎర్రపట్టీ. గాలిలో దీన్ని పరీక్షించడానికి, జీపీఎస్ లేని టాబ్లెట్‌కి విడిగా తగిలించిన రిసీవర్‌ని చెప్పాపెట్టకుండా ఆపేసేవాణ్ణి. పక్కసీటు వాడు ఎంతసేపట్లో గమనిస్తాడో రాసుకునేవాణ్ణి. మొదట పట్టీ సన్నగా ఉండి ఎండ వెలుగులో కనపడలేదు. వెడల్పు చేయించాను.

ఎండ అంటే గుర్తొచ్చింది. జులైలో టెక్సాస్ ఎండ మన రామగుండం ఎండే. టాబ్లెట్లు సాధారణంగా 35 డిగ్రీల వరకే పనికొస్తాయి. అద్దం దగ్గర పెట్టిన టాబ్లెట్ ఒక రోజు గాలిలో ఉండగానే వేడెక్కి ఆరిపోయింది. నడిపేవాడి ఒళ్ళో కాగితం పటం ఉంది గనుక అతను తల కూడా తిప్పలేదు. ఆ తర్వాత టాబ్లెట్‌ని నీడలో ఉంచాలనీ, కాగితమో, రెండో పరికరమో లేకుండా బయల్దేరరాదనీ యాప్ తెరవగానే కనపడేలా పెట్టారు.

వాతావరణ చిత్రాలకూ ఇదే సూత్రం. విమానంలోకి వచ్చే రాడార్ చిత్రం పక్కన "5 నిమిషాల కిందటిది" అని ఉన్నా, అసలు సమాచారం అంతకన్నా 15, 20 నిమిషాలు పాతదై ఉండవచ్చని అమెరికా రవాణా భద్రతా బోర్డు 2012లోనే హెచ్చరించింది. ఆ బొమ్మ చూసి ఉరుముల మబ్బుల సందులోంచి దూరబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. అందుకని ఈ చిత్రం దూరంగా ఉండడానికే తప్ప మబ్బుల మధ్య దారి వెతకడానికి కాదని బొమ్మ మీదే రాయించాం.

మరుసటి ఏడు ఆ క్లబ్బు సభ్యుడొకాయన న్యూమెక్సికో వైపు వెళ్ళాడు. అక్కడ సైన్యం ముందుగా ప్రకటించి జీపీఎస్ సంకేతాన్ని అడ్డుకునే పరీక్షలు చేస్తుంటుంది. దారిలో ఎర్రపట్టీ పడింది. ఆయన పటం తీసి, రోడ్డు పట్టుకుని దగ్గరి విమానాశ్రయంలో దిగి, మా అబ్బాయికి ఫోన్ చేశాడు. మా అబ్బాయి నాకు ఫోన్ చేశాడు. "నాన్నగారూ, మీ ఫ్లాగ్ పడింది" అన్నాడు. నేను రిటైరయిన రోజున వేసిన శాలువా కంటే ఆ మాట నాకు ఎక్కువ.

ఆ యాప్ ఇప్పుడు లేదు. విమానాశ్రయాల సమాచారం 28 రోజులకోసారి మారుతుంది. ఉద్యోగాలు చేసుకుంటూ అన్నిసార్లు సరిచూడడం ముగ్గురికి సాధ్యం కాలేదు. పాత సమాచారంతో నడపడం ఇష్టంలేక వాళ్ళే ఆపేశారు. అదీ మన సూత్రమే గనుక నేను బాధపడలేదు.

జీపీఎస్ వచ్చింది గనుక మన పరికరాలకు కాలం చెల్లిందని కొందరంటారు. 2023 సెప్టెంబరు నుంచి ఇరాక్, ఇరాన్ గగనతలంలో విమానాలకు దొంగ జీపీఎస్ సంకేతాలు అందడం మొదలైంది. ఆ నవంబరులో మన డీజీసీఏ కూడా దీనిపై సలహా పత్రం జారీచేసింది. సంకేతం పోవడం ఒక ఎత్తు, అబద్ధం చెప్పే సంకేతం రావడం ఇంకొక ఎత్తు. ఎర్రపట్టీ మొదటిదాన్ని పట్టుకుంటుంది గాని రెండోదాన్ని పట్టుకోలేదు. దాన్ని పట్టుకోడానికి వేరే దారిలో వచ్చిన మరొక సాక్ష్యం కావాలి. అందుకే అమెరికాలో కొన్ని వీవోఆర్‌లను మూసేస్తూనే, జీపీఎస్ లేకపోయినా దిగగలిగేలా మిగతావాటిని అట్టిపెట్టుకున్నారు. మన దేశంలో ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి నిర్మించిన గగన్ వ్యవస్థ కూడా, సంకేతం నమ్మదగినదా కాదా అన్న సమాచారాన్ని వెంటవెంటనే పంపుతుంది. మన మానిటర్ గదికి అది మనవడి వంటిది.

కాబట్టి మీకు నా విన్నపం ఒకటే. మీ ఇళ్ళలో సాఫ్ట్‌వేర్ పిల్లలుంటారు. వాళ్ళు చేసే వస్తువు ఏదైనా సరే, తనకు తెలియనప్పుడు తెలియదని చెబుతుందా అని ఒక్క ప్రశ్న అడగండి. ఎన్‌డీబీ, వీవోఆర్ నడిపిన అనుభవాలను నాలుగు పేజీలు రాసి మన సంచిక సంపాదకులకు పంపండి.