వ్యాయామమునకు మితి



నేను బ్రహ్మంగారిమఠమునకు చేరువనున్న యొక పల్లెలో కాపురమున్నవాడను. ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు తెలుగు పాఠములు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. నేను వైద్యుడను గాను. అయినను వ్యాయామమునకును, శరీరము వ్యాధి నెదిరించు శక్తికిని గల సంబంధమును గూర్చి మాటలాడుటకు నన్ను పురికొల్పినది పూర్వము నేను చేసిన యొక తప్పిదము. దానిని మొదట విన్నవించెదను.

ఉద్యోగములో చేరిన క్రొత్తలో బడిపిల్లల చెడుగుడు జట్టును తీర్చిదిద్దు పని నాపై బడినది. ఆ జట్టులో పదునాలుగేండ్ల బాలుడొకడు మిక్కిలి చుఱుకైనవాడు. పోటీకి రెండు దినములు ముందు వాడు నాయొద్దకు వచ్చి, "అయ్యవారూ, ఒళ్లు వెచ్చగా ఉంది, కీళ్లు లాగుతున్నాయి" అనెను. చెమట పట్టినచో జ్వరము తానే దిగునని చెప్పి నేను వానిని మైదానము చుట్టును పరుగెత్తించితిని. ఆ రాత్రి జ్వరము హెచ్చినది. నాలుగవనాడు ఊపిరితిత్తులకు వాపు వచ్చినదని వైద్యులు చెప్పిరి. బాలుడు నెలదినములు మంచము పట్టెను. వాని తల్లి నన్ను నిందింపలేదు. "పిల్లోడు మీ మాట జవదాటడు గదయ్యా" అని మాత్రము అన్నది. ఆ మాట నేటికిని నా చెవిలోనున్నది. వాడు కోలుకొని నేడు పిల్లలు గలవాడై సుఖముగా నున్నాడు. ఆ పరుగువలననే వ్యాధి ముదిరినదని నేను రూఢిగా చెప్పజాలను. కాని శరీరము రోగముతో పోరు మొదలిడిన దినముననే నేను దాని బలమును వేఱొక పనికి వ్యయపఱచితిననుట నిజము.

విచారకరమైన సంగతి యేమనగా, అప్పటికే నేను వాగ్భటుని అష్టాంగహృదయము చదివియుంటిని. వ్యాయామమువలన దేహమునకు తేలికదనము, పనిచేయు నేర్పు, జఠరదీప్తి, అవయవముల గట్టిదనము కలుగుననియు, క్రొవ్వు కరగుననియు ఆయన చెప్పినాడు. అంతతో విడువలేదు. బలవంతుడై, మంచి తిండి గలవాడు సైతము తన బలములో సగము వఱకే, అదియు శీతకాలమునందును వసంతమునందును చేయవలెననియు, తక్కిన కాలములందు ఇంకను తక్కువగా చేయవలెననియు నియమించినాడు. ఆ సగమును గుర్తించుటకు సుశ్రుతుడొక ఆనవాలు చెప్పినాడు. ఊపిరి నోటినుండి వెడలజొచ్చిన వేళ సగము బలము వ్యయమైనదని యెఱుగవలెను. మితి మీఱినచో దప్పి, క్షయము, ఆయాసము, దగ్గు, జ్వరము, వాంతి పుట్టునట. ఏనుగును లాగబోయిన సింహమువలె అట్టివాడు నశించునని ఉపమానము. చూచితిరా, దగ్గును జ్వరమును ఆ పట్టికలోనే యున్నవి! చదువు నాకు నోటనుండెను గాని చేతికి రాలేదు.

రోగమును ఓర్చుకొను శక్తికి చరకసంహితలో వ్యాధిక్షమత్వమని పేరు. అన్ని దేహములకును అది సమానముగా నుండదనియు, మిక్కిలి బలిసినవారికిని, మిక్కిలి చిక్కినవారికిని, ఒడలికి సరిపడని తిండి తినువారికిని, చాలినంత తిండి లేనివారికిని అది కొఱతపడుననియు అందు చెప్పబడినది.

ఇక నేటి శాస్త్రము చెప్పునదేమి? మన రక్తములో తెల్లకణములని యున్నవి. అవి దేహమునకు తలారులవంటివి. మనము కదలక కూర్చున్నపుడు వానిలో చాలభాగము ప్లీహమునందును, రక్తనాళముల గోడలయందును ఆగియుండును. వడిగా నడువ నారంభింపగానే గుండె త్వరగా కొట్టుకొని, రక్తప్రవాహము హెచ్చి, ఆ కణములు కదలి సంచారమునకు బయలుదేరును. తలారి చావడిలో గుఱ్ఱుపెట్టి నిద్రించిన దొంగకు సుఖము. రాత్రికి నాలుగుమార్లు వీధులు తిరిగిన ఊరికి సుఖము.

అమెరికాలో డేవిడ్ నీమన్ అను పండితుడును ఆయన సహచరులును 1002 మంది పెద్దలను 12 వారములు పరిశీలించి 2011లో తమ ఫలితము ప్రకటించిరి. వారమునకు ఐదు దినములు గాని అంతకు మించి గాని వ్యాయామము చేసినవారు, దాదాపు చేయనివారికన్న, జలుబు మొదలగు శ్వాసరోగములతో గడపిన దినములు నూటికి 43 వంతులు తక్కువ. ఇంగ్లండులో 55 మొదలు 79 ఏండ్ల వయసుగల 125 మంది సైకిలు త్రొక్కువారిని పరీక్షింపగా, క్రొత్త రక్షకకణములను తయారుచేయు శక్తి వారిలో పడుచువారితో సమానముగా నిలిచియున్నట్లు 2018లో తెలియవచ్చినది. ముసలితనమున దేహము తప్పక దుర్బలమగునని మనము చేతులు ముడుచుకొన నక్కఱలేదు.

మితిమీఱిన శ్రమ మాట వేఱు. 1987లో లాస్ ఏంజిలీసు నగరమున 42 కిలోమీటర్ల పరుగుపందెము జరిగినది. దానిలో పరుగెత్తినవారిలో నూటికి 12.9 మంది తరువాతి వారములో శ్వాసరోగము పాలైరి. అంతటి సాధకులేయైనను ఆనాడు పరుగెత్తనివారిలో నూటికి 2.2 మందికే అట్టి రోగము వచ్చినది. కఠినశ్రమ తరువాత రక్తములో కొన్ని తెల్లకణముల లెక్క తగ్గుటనుబట్టి, కొన్నిగంటలపాటు దేహముయొక్క వాకిలి రోగములకు తెఱచియుండునని పండితులు తలచిరి. 2018లో బాత్ విశ్వవిద్యాలయమునకు చెందిన జాన్ కాంప్‌బెల్, జేమ్స్ టర్నర్ అనువారు దీనిని ప్రశ్నించిరి. ఆ కణములు నశింపలేదు, రోగము ప్రవేశింపగల ఊపిరితిత్తులు మొదలగు చోట్లకు కావలికై తరలినవనియు, పందెములయందలి జనసమ్మర్దము, ప్రయాణము, నిద్రలేమి, తిండిలోపమును రోగహేతువులే యనియు వారు వాదించిరి. ఈ చర్చ పండితులలో సాగినను మనవంటివారికి నేర్పు నీతి యొకటే. శ్రమ హెచ్చిన దినమున నిద్రయు ఆహారమును తగ్గరాదు, గుంపులలో తిరుగుటయు తగదు.

జ్వరము వచ్చినవేళ శ్రమ చేయరాదనుటలో మాత్రము ఏ వివాదమును లేదు. పోలియో వ్యాధి ప్రబలిన కాలమున రిచీ రసెల్ అను వైద్యుడు రోగుల నడిగి తెలిసికొని 1947లో నిట్లు ప్రకటించెను. వ్యాధి మొలకెత్తుచున్న దినములలో కష్టమైన పనిచేసినవారికి పక్షవాతము తీవ్రముగా వచ్చినది, మంచమెక్కి విశ్రమించినవారికి తక్కువగా వచ్చినది. కొన్ని సూక్ష్మజీవుల జ్వరములలో గుండెకండరము వాచును. అట్టిసమయమున పరుగెత్తుట ప్రాణాపాయకరము.

మనకు దగ్గఱి తార్కాణము మదనపల్లెయందలి ఆరోగ్యవరము. 1911లో చిత్తూరుజిల్లా యేర్పడు వఱకు ఆ ప్రాంతము మన కడపజిల్లాలోనిదే. అచ్చటి క్షయచికిత్సాలయము 1915లో తెఱవబడినది, ఫ్రిమాట్ మోలర్ అను డెన్మార్కుదేశపు వైద్యుడు దానికి అధిపతిగా నుండెను. క్షయకు మందులు లేని ఆ కాలమున ఇట్టి ఆలయములకు విశ్రాంతి, మంచిగాలి, పుష్టికరమైన తిండియే ఆధారము. ఇంగ్లండులోని ఫ్రింలీ క్షయాలయమున పాటర్సను అను వైద్యుడు 1905 మొదలు మెట్లుమెట్లుగా పని నేర్పినాడు. జ్వరము లేని రోగికి మొదట కొంచెము నడక. పిదప మట్టిగంప. ఆపైన చిన్నపార, పెద్దపార. జ్వరము పైకి లేచినచో తిరిగి మంచము. నేడు క్షయకు మందులున్నవి, వానిని క్రమముగా మ్రింగుటయే చికిత్స, వ్యాయామము వానికి బదులు కానేరదు. కాని జ్వరమునుబట్టి పనిని కొలుచు ఆ వివేకము నేటికిని పాతబడలేదు.

ఈ వివేకము మన రైతులకు తెలియనిదా? బండలాగుడు పందెములకు ఎద్దులను సిద్ధపఱచువారు మనలో నున్నారు. వారు తొలిదినమే పెద్దబండను కట్టరు. తేలికబండతో మొదలిడి నెలలతరబడి బరువు పెంచుదురు. కష్టము చేసిననాడు మేత హెచ్చింతురు, మఱునాడు విడుపు నిత్తురు. మేతముట్టని యెద్దును, మూతి యెండిన యెద్దును కాడికి తేరు. ఎద్దుపట్ల మనకుగల జాగ్రత్త బిడ్డలపట్ల లేకపోవుట వింతకాదా?

పోలీసు కానిస్టేబులు ఉద్యోగమునకై మన పల్లెల పిల్లలు 1600 మీటర్ల పరుగు, 100 మీటర్ల పరుగు, దూరపు దుముకు అభ్యసింతురు. ప్రకటన వెలువడువఱకు ఊరకుండి, పిదప నెలలో నంతయు సాధింపబూనుదురు. కడుపునిండ తినక, రాత్రి ఫోను చూచుచు నిద్రమాని, తెల్లవాఱక మునుపే మైదానమున కూలబడువరకు పరుగెత్తుదురు. వారిని ఆపవలదు. ఆఱునెలలు ముందుగా మొదలిడుమని చెప్పుడు. వైశాఖమాసమున బ్రహ్మంగారి ఆరాధనల నాటికి మన ఎండ యెట్లుండునో మీరెఱుగుదురు. ఆ దినములలో ఉదయము ఎండ ముదరకమునుపే ముగింపుమని చెప్పుడు. అన్నిటికన్న ముఖ్యముగా, ఒళ్ళు వెచ్చగానున్న దినమున ఇంటనుంచుడు.

ఇక మనమాట. పూర్వము కపిల తోలి, మడక దున్ని, కోసులు నడచిన దేహములు మనవి. నేడు ట్రాక్టరు దున్నుచున్నది, మోటారు నీరు తోడుచున్నది, మనము రచ్చబండపై కూర్చున్నాము. నేనును ఉద్యోగము విడిచిన తొలియేట నట్లే కూర్చుండి మాటిమాటికి జలుబు తెచ్చుకొంటిని. పిమ్మట బ్రహ్మంసాగరమువైపు నడువ మొదలిడితిని. మొదట పది నిమిషములు, మూడునెలలకు అరగంట. వారమునకు 150 మొదలు 300 నిమిషముల వఱకు మధ్యరకపు శ్రమ పెద్దలకు చాలునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. దినమునకు అరగంటచొప్పున ఐదు దినములు నడచిన ఆ లెక్క కుదురును. ఎంత వడిగా నడువవలెనందురా? ప్రక్కవానితో మాటలాడగలిగి, బ్రహ్మంగారి తత్త్వము గొంతెత్తి పాడలేనంత వడి. పాడగలిగిన యెడల వేగము చాలదు. మాటయు రానియెడల సగముబలము దాటినట్లు.

ముక్కు కాఱుటమాత్రమే యైనచో మెల్లగా నడువవచ్చును. జ్వరమును, ఒళ్ళునొప్పులును, రొమ్ములోనుండి వచ్చు దగ్గును ఉన్నచో విశ్రమింపవలెను. తగ్గిన తరువాత మఱల పది నిమిషములతో మొదలిడవలెను. నడచునపుడు రొమ్ము పట్టివేసినను, తల తిరిగినను ఆగి వైద్యుని చూడవలెను.

నిన్నటి బలము నేటిది కాదు, ఒకని బలము మఱియొకనిది కాదు. దినదినము దానిని తూచుకొని అందు సగమే వెచ్చించువాడు రోగము వచ్చినదినమునకు తక్కిన సగమును దాచుకొన్నవాడగును. రేపు మీ మనుమడు "తాతా, ఒళ్లు వెచ్చగా ఉంది" అని చెప్పినచో నేను చేసినట్లు చేయవలదు. వానిని పండుకొనబెట్టుడు. అంతియే నా ప్రార్థన.