మాట ఎటు తిప్పుతున్నాం?



"నలుగురిలో ఏం మాట్లాడాలో తెలీట్లేదు, ఎలా నేర్చుకోవాలి?" అని చాలామంది అడుగుతుంటారు. ఏం మాట్లాడాలి అనేది తర్వాత చూద్దాం. ముందు, ఎదుటివాళ్ళు చెప్పిన మాటని మనం ఎటు తిప్పుతున్నామో చూసుకుందాం.

మీ ఫ్రెండ్ వచ్చి "ఇంటర్వ్యూ పోయింది రా" అన్నాడనుకోండి. మనం వెంటనే, "నాకూ పోయిన నెల రెండు పోయాయి రా, అసలు ఆ హెచ్ఆర్ ఏమందంటే..." అని మొదలుపెడతాం. వాణ్ని ఓదారుస్తున్నాం అనే అనుకుంటాం. కానీ రెండు నిమిషాలయ్యాక చూస్తే వాడి ఇంటర్వ్యూ పక్కకెళ్ళిపోయి, మన కథ నడుస్తుంటుంది.

చార్లెస్ డెర్బర్ అనే అమెరికన్ సోషియాలజిస్ట్ 1979లో రాసిన పుస్తకంలో దీని గురించే చెప్పాడు. మన జవాబులు రెండు రకాలట. ఒకటి మాటని మనవైపు లాక్కునేది, రెండోది ఎదుటివాళ్ళ దగ్గరే ఉంచేది. "ఏ రౌండ్‌లో ఆగింది రా?" అని అడిగితే అది రెండో రకం. 2017లో హార్వర్డ్ పరిశోధకులు చేసిన స్టడీలో కూడా, తాము చెప్పినదాని మీదే ఇంకో ప్రశ్న అడిగినవాళ్ళని జనం ఎక్కువ ఇష్టపడ్డారని తేలింది.

అలాగని ప్రశ్న మీద ప్రశ్న వేస్తే పోలీస్ ఎంక్వైరీలా ఉంటుంది! ఒకటి అడగండి, జవాబు పూర్తయ్యేదాకా ఆగండి. మన అనుభవం కూడా చెప్పొచ్చు, కానీ వాళ్ళది అయ్యాక.

సలహాల విషయంలోనూ ఇంతే. ఫోన్‌లో అమ్మ "మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి" అంటుంది. "డాక్టర్‌కి చూపించుకో" అన్నామంటే మాట అక్కడితో అయిపోయింది. అదే "ఎప్పట్నుంచమ్మా? మెట్లెక్కేటప్పుడు ఎక్కువగా ఉంటోందా?" అని అడిగి చూడండి. నెలరోజులుగా చెప్పకుండా దాచింది కూడా బయటికొస్తుంది. డాక్టర్ మాట అప్పుడెత్తండి, వింటుంది.

మనం వినట్లేదని ఎవరూ గొడవ పెట్టుకోరు ఫ్రెండ్స్. మెల్లగా చెప్పడం మానేస్తారు. తర్వాత మనం అడిగినా "ఏం లేదు, బాగానే ఉన్నా" అంటారు. నిజంగా కష్టంలో ఉన్నప్పుడు కూడా అదే మాట అంటారు. భయపడాల్సింది దానికి.

అందుకే ఈ వారం ఒక్క పని చేయండి. రోజుకి ఒక్కరితో, ఫోన్ జేబులో పెట్టేసి, "నాకూ..." అనబోయే ముందు ఒక్క ప్రశ్న అడగండి. వాళ్ళు ఏం చెప్పారో వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.

ఉంటాను మరి.