మిగిలిన అన్నం, పడని వేలిముద్ర

అన్నదానం అనగానే డొక్కా సీతమ్మ గుర్తొస్తారు. గోదావరి పాయల నడుమ లంకల గన్నవరంలో, వేళగాని వేళ తలుపు తట్టినవాళ్లకూ వండి వడ్డించిన ఇల్లాలు. 1909లో కన్నుమూశారు. అంతటి దాతలం కానక్కర్లేదు మనం; చేతనైన చిన్న పనులు చాలు.

నిజామాబాద్ జిల్లాలో మన ఏర్గట్ల చుట్టుపక్కల పెళ్లిళ్ల సీజనే చూడండి. ఇస్తర్లు ఎత్తాక గంజుల్లో అన్నం మిగులుతుంది. దాన్ని రాత్రంతా అలాగే ఉంచి, తెల్లారి వేడిచేసి కూలీలకు పెడితే పుణ్యం సంగతి అటుంచి, వాంతులు పట్టుకోవచ్చు. బయట ఉండిపోయిన అన్నంలో పుట్టే ఒక రకం విషం మళ్లీ వేడి చేసినా పోదు. వండిన రెండు గంటల్లోపు, పొగలు కక్కుతుండగానే పంచాలి. ఎవరికి పంపాలో పొయ్యి వెలిగించకముందే మాట్లాడుకుంటే మేలు.

ఇంట్లో పుట్టినరోజా? మధ్యాహ్న భోజన పథకంలో ‘తిథి భోజనం’ అనే వీలుంది. హెడ్మాస్టరుతో మాట్లాడి బడిపిల్లలకు పండో, మిఠాయో అదనంగా పెట్టించవచ్చు.

నాకైతే అన్నిటికన్నా విలువైనదిగా తోచేది పైసా ఖర్చులేని పని. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్‌కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితం. కానీ ఏళ్లతరబడి పసుపు కొమ్ములు విరిచి విరిచి, వేళ్ల గీతలరిగిన ముసలమ్మకు మిషన్ మీద ముద్ర పడదు. ‘మళ్ల రా అవ్వా’ అంటే వట్టి సంచితో ఇంటికి పోతుంది. తోడుగా వెళ్లండి. కంటిపాప స్కాన్ చేయమని డీలరును అడగండి. మంచం పట్టినవాళ్లుంటే తహసీల్దారు ఆఫీసులో చెప్పండి. ఏర్గట్ల మండల కేంద్రమే కనుక ఆఫీసుకు దూరం పోనక్కర్లేదు.