అడవి తరఫున వకాల్తా
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి నాకంటే ముందు మాట్లాడినవారు చెప్పవలసినదంతా చెప్పేశారు. చప్పట్లు కూడా వారికే పోయాయి. ‘యువత – పర్యావరణం’ అని ఏదో ఒకటి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను పురమాయించారు. నేను పర్యావరణవేత్తను కాను. 1973లో ఎల్.డి.సి.గా చేరి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయిన గుమాస్తాను. నాకు తెలిసింది కాగితం. కనుక అడవి గురించి కూడా కాగితం వైపు నుంచే మాట్లాడతాను.

మా మనవరాలు లా చదువుతోంది, అయిదేళ్ళ కోర్సు. ఈ చదువులో ఇంటర్న్‌షిప్ అని ఒకటుంది. మన రోజుల్లో ప్రొబేషన్ లాంటిదనుకోండి, జీతం ఉండదు, అంతే తేడా. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం అయిదేళ్ళ కోర్సువారు మొత్తం 20 వారాలు, మూడేళ్ళ కోర్సువారు 12 వారాలు చేయాలి. ఏ సంవత్సరంలోనూ ఏకబిగిన నాలుగు వారాలు మించకూడదు. వకీలు దగ్గరైనా చేయవచ్చు, కోర్టులోనైనా, స్వచ్ఛంద సంస్థలోనైనా చేయవచ్చు.

2024 డిసెంబరులో ఈ పిల్ల పాడేరు వైపు ఏజెన్సీలో, అడవి హక్కుల మీద పనిచేసే ఒక చిన్న సంస్థకు వెళతానంది. ఇంట్లో పెద్ద రభస. మా అబ్బాయి, “కంపెనీ లాయర్ల దగ్గర చేస్తే రేపు ఉద్యోగానికి పనికొస్తుంది, అడవిలో ఏం నేర్చుకుంటుంది?” అన్నాడు. కోడలికి చలి, మలేరియా, ఫోను సిగ్నలు దిగులు. మా ఆవిడ రెండు స్వెట్టర్లు తీసి మంచం మీద పెట్టింది. అంటే పంపించమనే అర్థం. నా ఓటూ అటే వేశాను. ఎందుకు వేశానో అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

అడవిని కాపాడటమంటే మొక్కలు నాటడం, ఫొటో దిగడం అనుకుంటాం. ఈ పిల్లలు ఒక్క మొక్కా నాటలేదు. చదవడం, రాయడం, నడవడం, ఇదే పని. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద ఊరి గ్రామసభ తన సామాజిక అటవీ వనరును తానే గుర్తించి క్లెయిము పెట్టుకోవచ్చు. దాన్ని కాపాడుకునే అధికారం కూడా ఆ చట్టమే ఇచ్చింది. అడవి తరఫున వకాల్తా పుచ్చుకోవడమంటే ఇదే. ఊరివాళ్ళ వెంట హద్దులు తిరగాలి, పటం గీయాలి, ఫారం ‘సి’ నింపాలి, గ్రామసభ తీర్మానం తప్పుల్లేకుండా రాయాలి. పైన ఏ గనికి, ఏ ప్రాజెక్టుకు అడవి అడుగుతున్నారో కేంద్ర ప్రభుత్వ పర్యావరణ శాఖ పోర్టల్లో దరఖాస్తులు చదివి, ఊరికి తెలుగులో చెప్పాలి.

కాగితాలతో ఏమవుతుందంటారా? అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో సుప్రీంకోర్టు 1997లో తీర్పు ఇచ్చింది, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వరాదని. ఒడిశాలో నియమగిరి కొండ మీద బాక్సైటు తవ్వకం సంగతి 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలకే వదిలింది. పన్నెండు పల్లెల్లో సభలు పెడితే పన్నెండూ వద్దన్నాయి. నల్లమలలో యురేనియం అన్వేషణ మాట వచ్చినప్పుడు 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వ్యతిరేకంగా తీర్మానం చేసింది. వీటి వెనుక ఎంత ఆందోళన ఉందో అంత రాతకోత కూడా ఉంది. మనలాంటివాళ్ళకు అది చెప్పనక్కరలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. అమ్మాయి తిరిగొచ్చిన మర్నాడు ఫారం ‘సి’ నకలు నా చేతిలో పెట్టింది. హద్దులు చదువుతున్నాను: తూర్పున గెడ్డ, పడమర పెద్ద చింతచెట్టు, ఉత్తరాన ఊరి దేవత రాయి, దక్షిణాన జీలుగు చెట్ల వరుస. సర్వే నంబరు రాయవలసిన చోట ఫారంలోనే ‘ఉంటే, తెలిస్తే’ అని ఉంది. అక్కడ నా చదువు ఆగిపోయింది.

1984లో నేనొక జిల్లా కచేరీలో ఉండేవాణ్ణి. కచేరీ పేరు అనవసరం. అటవీ చట్టం నాలుగో సెక్షను కింద రిజర్వు చేయదలచిన బ్లాకుల మీద క్లెయిములు వచ్చే సీటు నాది. ఒక రోజు అయిదుగురు ఏజెన్సీ నుంచి వచ్చారు. రెండు రోజుల ప్రయాణమట. స్కూలు పిల్లవాడి నోటుబుక్కులోంచి చింపిన కాగితం మీద పెన్సిలుతో రాసుకొచ్చారు. చెట్టు, గెడ్డ, రాయి, ఇవే హద్దులు. అందులో పెద్దాయన అడ్డాకులో చుట్టిన ఏదో నా బల్ల మీద పెట్టబోతే వద్దన్నాను. లంచం పుచ్చుకోలేదని ఆ రోజు నాకు గర్వం కూడా కలిగింది. కాగితం చూసి, ‘సర్వే నంబరు లేదు, వివరాలతో తిరిగి సమర్పించవలెను’ అని ఎండార్సుమెంటు రాసి చేతికిచ్చాను. వాళ్ళకు చదువు రాదు, నేను చదివి వినిపించనూ లేదు. మళ్ళీ రాలేదు. గడువు అయిపోయాక నా దగ్గరున్న నకలును ఎల్.డిస్. కింద మూసేశాను. ఎల్.డిస్. అంటే ఏమిటో ఈ హాలులో అందరికీ తెలుసు: ఏడాది తర్వాత చింపేసే కాగితం. కొన్నేళ్ళకు ఆ బ్లాకు పదిహేనో సెక్షను కింద రిజర్వు అడవిగా ప్రకటన అయింది.

‘నంబరు లేదు గాని మనుషులున్నారు, ఒకసారి స్థలం చూడవచ్చును’ అని నోటుఫైలులో ఒక్క పేరా రాసి పైకి పంపి ఉండవచ్చు. పైవారు ఏం చేసేవారో నాకు తెలియదు. నేను రాయలేదు, నాకు తెలిసింది అంతే.

ఇది మనవరాలికి చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. “తాతయ్యా, ఆ ఊరి పేరు గుర్తుందా?” అని అడిగింది. గుర్తుంది. తను వెళ్ళిన ఊరు కాదు, దానికి రెండు కొండల అవతల. ఆ ఊరు కూడా క్లెయిము తయారు చేసుకుంటోందట. ఈ చట్టం నిబంధనల్లో పదమూడోది సాక్ష్యాల గురించి. బావులు, శ్మశానాలు, దేవతల చోట్లు సాక్ష్యమే. క్లెయిముదారు కాని పెద్దవాళ్ళు చెప్పినదాన్ని రాతలో పెడితే అదీ సాక్ష్యమే. ఏదో ఒకటి చాలదు, ఒకటికి మించి ఉండాలి. “నువ్వు ఆ ఊరి పెద్దవు కాదు గానీ, ఫలానా ఏడాది ఆ ఊరివాళ్ళు ఆ అడవి మాదని వచ్చారని చెప్పగల మనిషివి నువ్వొక్కడివే కదా తాతయ్యా” అంది.

ఈ సందర్భంలో అటవీ శాఖలో చేసి రిటైరైన మన మిత్రుల మాట కూడా చెప్పాలి. నిన్న సాయంత్రం ఒకాయన నాతో వాదించారు. హక్కుల పేరుతో పోడు పెరిగింది, 2005 తర్వాత నరికినదానికి కూడా పట్టాలడిగారు అని. కొన్నిచోట్ల అది నిజం. అందుకే ఈ పిల్లలకు కాదనడం కూడా నేర్పాలంటాను. చట్టం ప్రకారం సాగు 2005 డిసెంబరు 13 నాటికే ఉండాలి. మా అమ్మాయి వెళ్ళిన ఊళ్ళో వ్యక్తిగత క్లెయిముల జాబితా చదివితే, రెండు పేర్లు ఊరివాళ్ళే కొట్టేయించారట, వాళ్ళు నరికింది మొన్నమొన్నే అని.

ఇంటర్న్‌షిప్‌లలో లోపం లేదా అంటే ఉంది. నాలుగు వారాలకు వస్తారు, సర్టిఫికెట్ పుచ్చుకుని పోతారు. అక్కడ ఒక ముసలమ్మ మా అమ్మాయితో, “ఏటా ఒక పిల్ల వస్తది, మా పేర్లు రాసుకుంటది, ఎల్లిపోద్ది. ఆ బుక్కులన్నీ ఏటయినాయి?” అందట. ఆ మాట నన్ను పట్టుకుంది. చార్జి అప్పగించకుండా సీటు దిగిపోవడం మన సర్వీసులో ఎంత తప్పో, ఇదీ అంతే. ఒక రిజిస్టరు పెట్టమన్నాను. ఏ తేదీన ఏ కాగితం ఎవరికిచ్చారు, ఇన్‌వార్డు నంబరు ఎంత, జవాబు ఎప్పుడు రావాలి, తర్వాతి పిల్ల ఏం చేయాలి, అన్నీ అందులో ఉండాలి. రిజిస్టరు ఊళ్ళోనే ఉండాలి. ఈ పిల్లలకు ఇంగ్లీషు బ్రహ్మాండంగా వచ్చు, కచేరీ భాష రాదు. అర్జీలో విషయం, సూచిక రాయడం తెలియదు. రసీదు అడగడానికి మొహమాటపడతారు. ఇన్‌వార్డు నంబరు పడేదాకా కౌంటరు దగ్గర నుంచి కదలవద్దని చెప్పాను. ఈ సంగతులు మనకంటే బాగా ఎవరు చెబుతారు? రోజూ పార్కులో కూర్చుని రాజకీయాలు మాట్లాడుకునేవాళ్ళలో నేనూ ఉన్నాను కనుక చెబుతున్నాను, వారానికి ఒక పూట మనకు కష్టం కాదు. ఆసక్తి ఉన్నవారు టీ విరామంలో నన్ను కలవండి. పిల్లలు ఫోనులో కాగితం పంపితే మనం దిద్ది పంపడమే.

ఇక నా వాంగ్మూలం. మూడు పేజీలు రాశాను. రాయడానికి తొమ్మిది రోజులు పట్టింది. సర్వీసులో ఏ నోటుకూ అంత పట్టలేదు. చివర సంతకం కింద ‘రిటైర్డ్ సీనియర్ అసిస్టెంట్’ అని రాసి, ఎండార్సుమెంటు రాసింది నేనేనని కూడా రాశాను. మా అబ్బాయి, “ఆ వాక్యం అవసరమా నాన్నా?” అన్నాడు. ఉంచమన్నాను. అది ఆ ఊరి అటవీ హక్కుల కమిటీకి చేరింది. గ్రామసభలో చదివారట. ఆనాడు వచ్చిన అయిదుగురిలో ఒకాయన ఉన్నాడట. పెద్ద వయసు, చెవులు వినపడవు, మనవడు చెవిలో అరిచి చెప్పాడట. ఆయన ఏమన్నాడో మా అమ్మాయికి తెలియలేదు. ఆ మాట వాళ్ళ భాషలో అన్నాడట.

క్లెయిము సబ్‌డివిజన్ కమిటీలో ఉంది. ఇంకా తేలలేదు. ఇన్‌వార్డు నంబరు మాత్రం పడింది. ఆ రసీదు నకలు నా పెన్షన్ కాగితాల ఫైలులో పెట్టుకున్నాను.