యంత్రమునకు వకాల్తా
(కార్యకర్తల సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘపు ప్రకటనలను సోషల్ మీడియాలో వెలువరించు పనిని కృత్రిమమేధా ఏజెంటునకు అప్పగింతుమా, మానుదుమా యని రెండు నెలలుగా చర్చ సాగుచున్నది. అప్పగింపవలదని మే మనము. నిద్రాహారములు లేక పాటుపడు సేవకుని ఎవడు కాదనును? కాని మనుష్యునికి అమరిన పనిముట్టునే యంత్రమునకును ఇచ్చుట పొరపాటని మా యభిప్రాయము.

2008లో పుట్టిన హూట్‌సూట్, 2010లో పుట్టిన బఫర్ మనుష్యుల కొరకై ఏర్పడినవి. క్యాలెండరు, పోస్టు ఎట్లుండునో ముందుగా చూపు తెర, వరుస మార్చు మీటలు, ఇవన్నియు కన్నులున్నవారికి సౌఖ్యములు. యంత్రమునకు వీనితో పనిలేదు. దానికి కావలసినది ఏపీఐ, అనగా ఒక ప్రోగ్రాము వేరొక ప్రోగ్రామునకు ఆజ్ఞనిచ్చు ద్వారము.

గత వేసవిలో మాకు బుద్ధివచ్చిన విధము వినుడు. ఒక రోగికి రక్తము కావలెనని మా ఏజెంటు పోస్టు పంపెను. పోస్టు వెలువడినది గాని, వెలువడినదను జవాబు తిరిగి రాలేదు. మనుష్యుడైనచో తెర తెరచి చూచుకొనెడివాడు. ఆ యంత్రము పది పది నిమిషములకు మరల మరల పంపసాగెను. నాలుగవది వెలువడునప్పటికి రక్తము దొరకియే యున్నది. దానిని చూచి మండుటెండలో వచ్చిన దాతలు పదునొకండుగురు ఊరక మరలిపోయిరి. తరువాతి పిలుపునకు వారిలో వచ్చినది ఇరువురే!

దీనికి మందు లేకపోలేదు. మాస్టడాన్ ఏపీఐలో పోస్టునకు ఐడెంపొటెన్సీ కీ యను గుర్తును జతపరుపవచ్చును. గంటలోపల అదే గుర్తుతో ఎన్నిమారులు పంపినను పోస్టు ఒక్కటియే వెలువడును. ఏజెంటునకు పనిముట్టు నెన్నునప్పుడు మొదట విచారింపవలసినది ఇట్టి యేర్పాటు కలదా యని; క్యాలెండరు అందచందములు కాదు.

ఇక అధికారము మాట. ఖాతా పాస్‌వర్డు నిచ్చుట జనరల్ పవరు వ్రాసి యిచ్చుట వంటిది. పోస్టులు వ్రాయుటకు మాత్రమే చెల్లు టోకెను ఒక్క దావాకు పరిమితమైన వకాల్తానామా. దానిని వలసినప్పుడు రద్దుచేయవచ్చును. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 182వ సెక్షను ప్రకారము ఏజెంటనగా వ్యక్తి. యంత్రము వ్యక్తి కాదు గనుక దాని తప్పు మనకంటదని ఒక మిత్రుడు వాదించెను. వాదము ముచ్చటగానే యున్నది గాని 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము దానిని నిలువనీయదు. తనంతట పనిచేయునట్లు మనమో, మన పక్షమున మరియొకరో ఏర్పరచిన వ్యవస్థ పంపిన ఎలక్ట్రానిక్ రికార్డు మనము పంపినదేయని 11వ సెక్షను చెప్పుచున్నది.

కావున రక్తము, వరద, తప్పిపోయిన బిడ్డలు, ఇట్టి పిలుపులకు ఏజెంటు చిత్తుప్రతి మాత్రమే వ్రాయవలెను. పంపుటకు ఒక కార్యకర్త సమ్మతింపవలెను. ఎవరు ఎన్ని గంటలకు సమ్మతించిరో పద్దు నిలువవలెను. ఇందులకై రాత్రివేళ మేల్కొనుటకు వంతులు వేసికొనవలసి యున్నది. మొదటి వారము వంతు మేము తీసికొనుచున్నాము. తక్కిన పేర్లు సభానంతరమున కార్యదర్శిగారికి ఈయగోరెదము.