రాణి వేషం ఎవరిది?

(ఛత్తీస్‌గఢ్‌లోని సిర్గిట్టిలో తెలుగు నాటక సాహిత్య సదస్సు, అధ్యక్షోపన్యాసం)



అధ్యక్షుడు సభను పొగడడం, సభ అధ్యక్షుణ్ణి పొగడడం, భోజనాల వేళకు అసలు సంగతి గుర్తుకు రావడం మన సభల ఆనవాయితీ. ఈ పూటకి దాన్ని పక్కన పెడదాం. నిర్వాహకులు నా ముందు పెట్టిన ప్రశ్న ఇది: పాత్ర ఏ కులానిదైతే, ఏ తెగదైతే, ఆడదైతే, మగదైతే, చెవిటిదైతే, నటించేవాళ్ళు కూడా వాళ్ళలోని వాళ్ళే అయి ఉండాలా?

ఇది సీమల నుంచి దిగుమతైన తగవు అని కొందరి అనుమానం. అక్కడ గట్టిగానే నడుస్తోంది, నిజమే. ‘ది డేనిష్ గర్ల్’లో ట్రాన్స్ మహిళ వేషం వేసిన ఎడ్డీ రెడ్‌మేన్, ఇప్పుడైతే ఆ పాత్ర ఒప్పుకోనని 2021లో చెప్పుకున్నాడు. స్కార్లెట్ జొహాన్సన్ 2018లో ట్రాన్స్ పురుషుడి పాత్ర ఒకటి ఒప్పుకుని, గొడవ రేగాక వదులుకుంది. కానీ ఈ తగవు కోసం అంత దూరం పోనక్కర్లేదు. ఈ ఛత్తీస్‌గఢ్ మట్టి మీదే, దాదాపు యాభై ఏళ్ళ కిందట, ఒకే పాత్రను ఇద్దరు ఆడవాళ్ళు వేశారు. నా మాట అక్కడి నుంచి మొదలుపెడతాను.

1975లో రాయ్‌పూర్ బిడ్డ హబీబ్ తన్వీర్ ‘చరణ్‌దాస్ చోర్’ నాటకం తయారుచేశాడు. ఒక దొంగ గురువు దగ్గర తమాషాకి నాలుగు ఒట్లు వేసుకుంటాడు: బంగారు పళ్ళెంలో తినను, ఏనుగెక్కి ఊరేగను, రాణిని పెళ్ళాడను, రాజ్యమిచ్చినా తీసుకోను. చివరికి ఆ నాలుగూ నిజంగానే ఎదురొస్తాయి. ఇచ్చిన మాట తప్పనందుకు, అబద్ధమాడనందుకు దొంగ ప్రాణం పోగొట్టుకుంటాడు. ఆ నాటకంలో వాణ్ణి మోహించి, కాదన్నందుకు చంపించే రాణి ఫిదాబాయి మర్కామ్. నాచా అనే ఇక్కడి జానపద నాటక మేళాల లోకం నుంచి వచ్చిన మనిషి. నాచాలో చాలాకాలం మగవాళ్ళే చీర కట్టి ‘పరీ’లుగా ఆడేవారు; ఆడవాళ్ళు రావడం మొదలయ్యాక వచ్చిన వాళ్ళలో ఎక్కువమంది దేవార్ వంటి సంచార కళాకారుల కులాల వాళ్ళు. పల్లె ఆడమనిషి కిరీటం పెట్టుకుని, ఛత్తీస్‌గఢీలో ఆజ్ఞలు జారీ చేస్తుంటే ఢిల్లీ జనం నోరు తెరుచుకుని చూశారు. 1982లో ఎడిన్‌బరో వాళ్ళు ‘ఫ్రింజ్ ఫస్ట్’ బహుమతి ఇచ్చారు.

అదే 1975లో, అదే కథను శ్యామ్ బెనగళ్ పిల్లల సినిమాగా తీశాడు. బెనగళ్ మనవాడే, సికింద్రాబాదు తిరుమలగిరిలో పుట్టినవాడు. సినిమాలో దొంగ లాలూరామ్, చాకలి మదన్‌లాల్. ఇద్దరూ తన్వీర్ బృందం వాళ్ళే. రాజకుమారి మాత్రం స్మితా పాటిల్. అప్పటికి కొత్తమ్మాయి, బొంబాయి టీవీలో వార్తలు చదివేది. ఆమె గొప్ప నటి అనడంలో నాకు సందేహం లేదు, ఆ ఎంపికను తప్పుపట్టడమూ లేదు. కానీ ఒక్క సంగతి గమనించండి. దొంగనీ చాకలినీ పల్లె నుంచే తెచ్చుకున్నారు, రాణి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి పట్నం వైపు సాగింది. మన చర్చంతా ఆ చెయ్యి గురించే జరగాలని నా కోరిక. దళితుడి వేషం ఎవరు వెయ్యాలి అన్నది రెండో ప్రశ్న. రాజు వేషం ఎవరికి దక్కుతోంది అన్నది మొదటిది.

శాస్త్రం ఏమంటుందని పండితులు అడగకముందే చెప్తాను. నాట్యశాస్త్రంలో భరతుడు పాత్రధారణను మూడు రకాలు చేశాడు. తన వయసుకూ లింగానికీ సరిపోయే వేషం కడితే అనురూప. కుర్రవాడు ముసలివాడుగానో ముసలివాడు కుర్రవాడుగానో వస్తే విరూప. మగవాడు ఆడవేషం కట్టడం రూపానుసారిణి. మూడూ చెల్లుతాయి, మొదటిదొక్కటే సరైనదని ఆయన అనలేదు. అయితే ఆ గ్రంథం చివర ఒక కథ ఉంది, మన సభల్లో ఎవరూ ఎత్తరు. భరతుడి కొడుకులు విద్యాగర్వంతో ఋషులను వెక్కిరిస్తూ నాటకమాడారు. ఋషులు మండిపడి, శూద్రులైపొండని శపించారు. అంటే తమకంటే పైవాళ్ళను ఆడి చూపించినందుకు నటులకు కులమే శిక్షగా పడిందన్నమాట. కిందివాళ్ళను ఆడి చూపించినందుకు ఎవరికైనా శాపం తగిలిన కథ మన పురాణాల్లో నాకు కనిపించలేదు.

ఇక మన స్త్రీ వేషాలు. బాపట్ల స్థానం నరసింహారావు సత్యభామ, రోషనార, చింతామణి, మధురవాణి, 1956లో పద్మశ్రీ. కూచిపూడి వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామ, 1970లో పద్మశ్రీ. భామాకలాపంలో భామ ప్రవేశం తలుచుకోండి. ఇద్దరు తెర పట్టుకుని నిలుచుంటారు. తెర మీంచి ముందు జడ ఒక్కటే బయటపడుతుంది, మనిషి కనపడదు. నాగరం, చంద్రవంక, చివర జడకుచ్చులు. నన్ను మించినవాళ్ళుంటే వచ్చి ఈ జడ కోసుకోండి అన్న సవాలు అది. ఆ జడ వెనక ఉన్నది మగవాడని ఊరందరికీ తెలుసు. తెలిసే చూస్తారు. అసలు ఆనందం ఆ తెలియడంలోనే ఉంది. ఆడవేషం ఆడదే కట్టాలన్న నియమం ఆనాడే ఉంటే ఆ కళ మనకు మిగిలేది కాదు. కాబట్టి నటుడికీ పాత్రకూ మధ్య దూరమే నేరమనే వాదన నాకు మింగుడుపడదు.

కానీ కథ అక్కడితో ఆగదు. అదే భామాకలాపాన్ని గోదావరి జిల్లాల్లో కలావంతుల ఆడవాళ్ళు తరతరాలుగా ఆడారు. 1947లో మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం వచ్చాక ఆ ఆటే అనుమానాస్పదమైంది. ఆడినవాళ్ళు గజ్జెలు పెట్టెల్లో దాచేసుకున్నారు. బ్రాహ్మణ పురుషుడు సత్యభామ వేషం కడితే బిరుదులు వచ్చిన కాలంలోనే, ఆడది సత్యభామగా ఆడితే పరువు పోయింది. ఇందులో వేదాంతం వారి తప్పు వెతకడం అన్యాయం. ఆయన అభినయానికి నేనూ దణ్ణం పెడతాను. వేషం దాటి వెళ్ళే స్వేచ్ఛ ఆయనకు దొరికింది. తమ వేషం తామే వేసుకునే స్వేచ్ఛ కూడా కలావంతుల ఆడవాళ్ళకు లేకపోయింది.

సురభి వాళ్ళు దీనికి మినహాయింపు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన ఆ కుటుంబ మేళాల్లో ఆడపాత్రలు ఇంటి ఆడవాళ్ళే వేశారు, పసిబిడ్డను తెర వెనక పడుకోబెట్టి మరీ. దాని మీద ఇవాళ ప్రత్యేకంగా పత్రం ఉంది గనక ముందుకు వెళ్తాను.

ఎవరి వేషం వాళ్ళే వెయ్యాలన్న సూత్రానికి మన దక్షిణాదిన ఒక పాత చరిత్ర ఉంది. వినడానికి బాగుండదు. మలయాళ తొలి సినిమా ‘విగతకుమారన్’లో పి.కె. రోసీ అనే దళిత స్త్రీ నాయర్ పిల్ల వేషం వేసింది. తిరువనంతపురంలో బొమ్మ ఆడినప్పుడు పెద్దకులాల వాళ్ళు తెర మీద రాళ్ళు రువ్వారు. ఆమె ఇల్లు తగలబెట్టారు. ఆమె ఊరొదిలి తమిళదేశం పారిపోయి, నటినన్న సంగతే దాచుకుని బతికింది. ఆ మూకను ఎవరైనా అడిగితే ఏం చెప్పేవారు? నాయర్ పాత్ర నాయరే వెయ్యాలనేవారు! అందుకే ఈ సూత్రాన్ని ఎవరు ఎత్తినా నేను ముందు చూసేది అది ఎవరి చేతిలో ఉందన్నదే. కింద నుంచి అడిగితే అది వాటా. పై నుంచి అడిగితే అది వెలివాడ గోడ.

మన తెలుగు సంగతి చూద్దాం. బెనగళ్ తీసిన ‘అంకుర్’ (1974) కథ తెలంగాణ పల్లెది. మూగ చెవిటి కుమ్మరి కిష్టయ్యగా సాధు మెహర్, అతని భార్య లక్ష్మిగా షబానా ఆజ్మీ. ఇద్దరికీ జాతీయ అవార్డులు వచ్చాయి, రావలసినవే. జోడేఘాట్‌లో 1940లో నేలకొరిగిన గోండు వీరుడు కొమరం భీమ్‌గా అల్లాణి శ్రీధర్ సినిమాలో భూపాల్ రెడ్డి కనిపించారు; 2022 నాటి ‘ఆర్‌ఆర్‌ఆర్’లో జూనియర్ ఎన్టీఆర్. గోండులు ఆదిలాబాదులో ఉన్నారు, ఇక్కడ ఛత్తీస్‌గఢ్‌లో ఇంకా ఎక్కువమంది ఉన్నారు. వాళ్ళ వీరుడి కథ మనం వాళ్ళకే పెద్ద తెర మీద చూపిస్తాం, టిక్కెట్టు పెట్టి. భీమ్ వేషం గోండే వెయ్యాలని నేను పట్టుబట్టను. కోట్ల రూపాయల సినిమాకు పేరున్న మొహం కావాలన్న లెక్క నాకు అర్థం కానిది కాదు. నేనడిగేది వేరు. గోండు కుర్రాడొకడు తెలుగు సినిమాలో డాక్టరుగానో, కలెక్టరుగానో, హీరోయిన్ అన్నయ్యగానో కనిపించాడా? నేను చూడలేదు. ఆ వేషాలు దొరికిన నాడు భీమ్ వేషం గురించి ఎవరూ అంత పట్టుదలకు పోరు.

వైకల్యం మాట వచ్చేసరికి మాత్రం నేను కాస్త మెత్తబడతాను. విశ్వనాథ్ గారి ‘సిరివెన్నెల’ (1986)లో అంధుడైన వేణువిద్వాంసుడుగా సర్వదమన్ బెనర్జీ, మూగపిల్లగా సుహాసిని మనందరికీ ఇష్టమే. అయినా కులం వేరు, చూపులేకపోవడం వేరు. చూపులేని నటుడు చూపున్నవాడి వేషం వెయ్యాలంటే దర్శకులు సందేహిస్తారు. ఉన్న ఒకటి రెండు వేషాలూ చూపున్నవాళ్ళకు పోతే వాళ్ళకు మిగిలేదేమిటి? ‘కోడా’ సినిమాలో వినపడని తండ్రిగా వేసిన, నిజంగానే వినపడని ట్రాయ్ కోట్సర్ 2022లో ఆస్కార్ అందుకున్నాడు. ఆ తండ్రి పాత్ర వినపడేవాడు వేసి ఉంటే చేతులతో అంత మోటుగా, అంత హాయిగా బూతులాడగలిగేవాడా? నాకు నమ్మకం లేదు.

పాత్రలో అవమానం ఉంటే నటుణ్ణి మార్చినా అది పోదు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘చింతామణి’ నాటక ప్రదర్శనల్ని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర మీద ఆర్యవైశ్యుల అభ్యంతరం. కాళ్ళకూరి నారాయణరావు గారు రాసింది ఒకటైతే, తెల్లవార్లూ ఈలల కోసం వేదిక మీద కల్పించి చేర్చింది మరొకటి. సుబ్బిశెట్టిని వైశ్యుడే వేసి ఉంటే ఆ బాధ తగ్గేదా? నిషేధం నాకు రుచించదు. కానీ ఆ నవ్వులు ఎవరి ఖర్చు మీద నవ్వామో ఒప్పుకోవాలి.

చివరికి మన గడప దగ్గరికి వస్తాను. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ సిక్కోలు, విజయనగరం మనుషులు పనికోసం ఈ లైన్ల వెంట వచ్చారు. 1931లో విజయనగరం–రాయ్‌పూర్ లైను పూర్తయ్యాక రాకపోకలు సులువయ్యాయి. ఆ వచ్చినవాళ్ళు తమ యాసతోనే వచ్చారు. ‘కన్యాశుల్కం’ ఆ గడ్డ మాటల్లోనే పుట్టింది. 1955 సినిమాకొచ్చేసరికి గిరీశం నిమ్మకూరు రామారావు గారు, మధురవాణి చిర్రావూరు సావిత్రి గారు. బాగున్నారు, అద్భుతంగా ఉన్నారు. ఆ తర్వాత మాత్రం మన సిక్కోలు యాస తెర మీద ఎవరికిచ్చారో గుర్తు చేసుకోండి: పనిమనిషికి, దొంగకి, నవ్వించేవాడికి.

మరి మనం? ఇక్కడ పుట్టిన మూడో తరం పిల్లలు తెలుగు మాట్లాడితే మధ్యలో హిందీ, దాని కింద ఛత్తీస్‌గఢీ దొర్లుతాయి. సంక్రాంతి నాటకానికి పాత్రలు పంచేటప్పుడు ‘వాడి తెలుగు శుద్ధంగా లేదండీ’ అని ఆ పిల్లవాడికి కూలీ వేషమో సిపాయి వేషమో ఇచ్చి ఊరుకుంటున్నాం. ధర్మరాజు వేషం కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు గారికి. ఆడవేషానికి మన ఇళ్ళలోంచి ఎవరినీ పంపకుండా, డబ్బిచ్చి బయటి నుంచి నటిని పిలిపించుకున్న రోజులూ మనవే.

హబీబ్ తన్వీర్ ఈ ముడి విప్పడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1958లో ఆరుగురు పల్లె నటుల్ని ఢిల్లీ తీసుకెళ్ళి ‘మృచ్ఛకటికం’ ఆడించాడు. హిందీ మాట్లాడించేసరికి నటులు బిగుసుకుపోయారు. తమ ఛత్తీస్‌గఢీ తాము మాట్లాడుకోనిచ్చిన తర్వాతే కాళ్ళూ చేతులూ కదిలాయి. పాత్ర మారలేదు, రాజు రాజే. రాజు నోట పల్లె మాట వచ్చిందంతే. ఇదే నేల మీద తీజన్‌బాయి మగవాళ్ళ సొత్తనుకున్న కాపాలిక పద్ధతిలో నిలబడి పండవానీ, అంటే పాండవుల కథ, పాడింది. చేతిలో తంబూరా భీముడి గద, మరుక్షణం అర్జునుడి విల్లు. పార్ధీ తెగ ఆడమనిషి భీముడై పద్మవిభూషణ్ దాకా నడిచింది.

అందుచేత ఈ సదస్సు ముగిసేలోగా ఒక తీర్మానం కోరుతున్నాను. ఇక్కడ వచ్చే ఏడాది వేసే నాటకంలో నాయక పాత్రలు రెండూ సిర్గిట్టిలో పుట్టిన పిల్లలకే ఇవ్వాలి, వాళ్ళ తెలుగు వాళ్ళు మాట్లాడనివ్వాలి. ఆఫీసరు గారు కూలీ వేషం వేస్తారు. ఒప్పుకుంటారనే నా ఆశ, ఎదుటి వరసలోనే నవ్వుతున్నారు. అభ్యంతరాలు భోజనాల తర్వాత చర్చలో వింటాను.

మొదటి పత్రం సురభి స్త్రీ నటుల మీద. పత్రం చదివే అమ్మాయి వేదిక మీదకి రావాలి. ఇరవై నిమిషాలు, గంట నా చేతిలో ఉంది.